మెదడుకు దెబ్బ తగిలిన పసిబిడ్డకు ఇంట్లో కదలికలు నేర్పడం ఎలా

నాలుగో నెల నడుస్తున్నప్పుడు మా బాబు గిలక్కాయ ఏ వైపు నుంచి చూపించినా ఎడమ చెయ్యే చాచేవాడు. కుడి చెయ్యి బొటనవేలు లోపలికి మడిచి, పిడికిలి బిగించి, గుండెల దగ్గరే పెట్టుకునేవాడు. స్నానం చేయించేటప్పుడు ఆ పిడికిట్లో చేరిన నూలుపోగులు, జిడ్డు తీయడానికి మా అత్తయ్య వేళ్ళు ఒక్కొక్కటే విప్పేవారు. "వాళ్ళ నాన్నదీ పుర్రచెయ్యే కదమ్మా, వీడికీ అదే వచ్చింది" అన్నారు. మా ఆయనది నిజంగానే ఎడమచేతి వాటం. నేనూ ఆ మాట నమ్మి ఇరవై రోజులు ఊరుకున్నాను. మీ బిడ్డకు ఆ ఇరవై రోజులు పోకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఏడాది నిండని బిడ్డకు చేతి వాటం ఉండదు. ఆ వయసులో ఒక్క చెయ్యే వాడుతుంటే, వాటం అనుకునే ముందు రెండో చేతికి ఏమైందో చూపించాలి.

మాది తెనాలి దగ్గర పల్లె. బాబు నెలలు నిండే పుట్టాడు, 2 కిలోల 900 గ్రాములు. పుట్టగానే ఏడ్చాడు, పాలు తాగాడు. రెండో రోజు రాత్రి కుడి చెయ్యి, కుడి కాలు ఆగి ఆగి కొట్టుకోవడం మొదలైంది. చలికేమో అనుకుని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, అయినా ఆగలేదు. పట్టుకుంటే ఆగిపోయేది మామూలు వణుకు, పట్టుకున్నా ఆగకుండా కొట్టుకునేది ఫిట్స్ అని తర్వాత తెలిసింది. ఎమ్మారై తీస్తే మెదడు ఎడమ వైపు రక్తనాళంలో అడ్డు పడి కొంత భాగం దెబ్బతిన్నదని తేలింది. పెద్దవాళ్ళకు పక్షవాతం తెచ్చే స్ట్రోక్ పురిటి బిడ్డకు కూడా వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. తొమ్మిది రోజుల తర్వాత ఇంటికి పంపుతూ ఫిట్స్ మందు ఎన్ని చుక్కలు వెయ్యాలో చెప్పారు. మూడో నెలలో కదలికలు ఒకసారి చూపించండి అని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

జిల్లా ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చున్న తల్లుల కథలు వేరు వేరు. ఒకామె బిడ్డ పుట్టగానే ఏడవలేదు, ఊపిరి అందలేదు. ఇంకొకామెకు ఏడో నెలలోనే కాన్పై, బిడ్డ మెదడులో రక్తస్రావం అయింది. ఒక పాపకు పసికామెర్లు బాగా ముదిరాక ఆసుపత్రికి తెచ్చారు. కారణం ఏదైనా, మా అందరికీ ఫిజియో మేడమ్ మొదట చెప్పిన మాట ఒకటే: బిడ్డను మీరు కదపడం కాదు, బిడ్డే కదలాలి. కదలాలనిపించేలా చుట్టూ ఏర్పాటు చెయ్యడం మీ పని.

ఆ మాట నాకు వెంటనే ఎక్కలేదు. వ్యాయామం అంటే కాళ్ళూ చేతులూ పట్టుకుని వందసార్లు మడిచి చాపడమే అనుకున్నాను. ఆవిడ ఇలా చెప్పారు. పుట్టినప్పుడు మెదడు నుంచి చేతులకూ కాళ్ళకూ వెళ్ళే దారులు అవసరానికి మించి ఉంటాయట. బిడ్డ వాడే దారులు గట్టిపడతాయి, వాడనివి సన్నగిల్లిపోతాయి. పిల్లి పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో కూడా ఇది తేలింది. మా డెల్టాలో పుట్టినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు, నీళ్ళు పారని పంటబోదె ఒక్క ఏడాదిలో పూడిపోతుంది. మనం చెయ్యి పట్టుకుని ఆడిస్తే చెయ్యి కదులుతుందే కానీ మెదడు నుంచి ఆదేశం బయలుదేరదు. బోదెలో నీళ్ళు పారవు. బిడ్డ తానే గిలక్కాయ కావాలనుకుని, చెయ్యి పంపి, తప్పి, మళ్ళీ పంపినప్పుడే పారతాయి.

ముందు ఎవరికి చూపించాలి

బిడ్డ ఎన్‌ఐసీయూ అనే పసిబిడ్డల ప్రత్యేక వైద్య విభాగంలో ఉండి వచ్చినా, ఫిట్స్ వచ్చినా, నెలలు తక్కువై పుట్టినా, ఏ లక్షణం కనిపించకపోయినా మూడో నెలలో కదలికలు చూపించండి. నెలలు తక్కువ బిడ్డకు వయసు పుట్టిన తేదీ నుంచి కాకుండా డాక్టర్ ఇచ్చిన కాన్పు తేదీ నుంచి లెక్కపెట్టాలి. లేకపోతే అనవసరంగా టెన్షన్ పడతాం.

నాలుగో నెల దాటినా పిడికిలి విప్పకపోవడం, ఒక వైపే వాడటం, మెడ నిలబడకపోవడం, ఎత్తుకుంటే విల్లులా వెనక్కి వంగిపోవడం, డైపర్ మార్చేటప్పుడు కాళ్ళు కత్తెరలా బిగుసుకోవడం, లేదా ఒళ్ళంతా గుడ్డలా జారిపోతున్నట్టు ఉండటం, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చెయ్యకండి. తొమ్మిదో నెల నిండినా ఆసరా లేకుండా కూర్చోకపోయినా అంతే.

ఆసుపత్రిలో కాన్పు అయిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 42 రోజుల్లోపు ఆరుసార్లు, ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు ఇంటికి రావాలి. మా ఆశా అక్క మూడో నెల సందర్శనకు వచ్చినప్పుడే నేను పిడికిలి సంగతి చెప్పి ఉండాల్సింది. బరువు చూసుకుని పంపించేశాను. మీరు అలా చెయ్యకండి, అడగకపోయినా చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలకు పరీక్షలు ఉచితం. ఆ కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీ అనే సత్వర చికిత్స కేంద్రానికి ఆశా అక్క గానీ పీహెచ్‌సీ డాక్టర్ గానీ పంపిస్తారు. మాకు ఫిజియో, ఓటీ అంటే చేతి పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు, పిల్లల డాక్టర్ అక్కడే దొరికారు.

అక్కడ నన్ను ఒక వీడియో అడిగారు. 3 నుంచి 5 నెలల మధ్య బిడ్డ మెడ, నడుము, చేతులు, కాళ్ళు అన్నివైపులా సన్నగా, ఆపకుండా కదులుతూ ఉంటాయి. ఆ కదలికలు ఉన్నాయా లేవా అన్నది చూసి, సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కదలికలు దెబ్బతినే స్థితి, వచ్చే అవకాశం ఎంత ఉందో శిక్షణ ఉన్నవాళ్ళు చాలావరకు చెప్పగలరు. వీడియో తీసేటప్పుడు బిడ్డ మెలకువగా, ఏడవకుండా, వెల్లకిలా ఉండాలి. చేతులూ కాళ్ళూ కనిపించాలి. నోట్లో పాలపీక, ఎదురుగా బొమ్మ ఉండకూడదు. మీరు మాట్లాడకూడదు. ఫోను పాదాల వైపు నుంచి పైకి పట్టుకుని మూడు నాలుగు నిమిషాలు తీస్తే చాలు.

అప్పట్లో నన్ను వేధించిన ప్రశ్న: జబ్బు పేరు తేలకుండా థెరపీ ఎలా మొదలుపెడతాం? 2017లో అయోనా నోవాక్ అనే ఆస్ట్రేలియా పరిశోధకురాలు, ఆమె బృందం ప్రచురించిన వ్యాసం గురించి ఫిజియో మేడమ్ చెప్పారు. ఎమ్మారై, ఈ కదలికల పరీక్ష, డాక్టర్ చేతితో చేసే నరాల పరీక్ష కలిపి చూస్తే ఆరు నెలల లోపే సెరిబ్రల్ పాల్సీని గుర్తించవచ్చు. పేరు ఖాయంగా చెప్పలేకపోయినా "ప్రమాదం ఎక్కువ" అన్న మాటతోనే థెరపీ మొదలుపెట్టాలి. కాబట్టి ఎవరైనా "రెండేళ్ళు రానివ్వండి, చూద్దాం" అంటే ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి. కళ్ళు, చెవులు కూడా ఆ వారంలోనే పరీక్ష చేయించండి. చూపు సరిగా లేని బిడ్డకు గిలక్కాయ చూపిస్తూ కూర్చుంటే ఇద్దరూ అలిసిపోవడమే.

నేల, వేళ

సాధన నేల మీదే. మెత్తటి పరుపు మీద బిడ్డ కదలబోతే ఒళ్ళు లోపలికి దిగిపోతుంది, తోసుకోవడానికి గట్టి ఆసరా దొరకదు. మేం చాప మీద పాత చీరల బొంత ఒకటి పరిచేవాళ్ళం. ఎండాకాలంలో బొంత తీసేసి చాప మీదే. చేతులకు, మోకాళ్ళ కింద బట్ట లేకుండా ఉంచితే నేల స్పర్శ తెలుస్తుంది.

పాలు తాగిన అరగంట, ముప్పావు గంట తర్వాత మా వాడు హుషారుగా ఉండేవాడు. ఆకలి మీద ఉన్నప్పుడు, నిద్ర వస్తున్నప్పుడు చేయిస్తే ఆ రోజంతా చెడేది. ముఖం పక్కకు తిప్పుకోవడం, ఆవలించడం, వేళ్ళు బిగించడం కనిపిస్తే "అమ్మా, చాలు" అంటున్నట్టే. అప్పుడు ఎత్తుకోండి. ఏడిపించి చేయించిన సాధన వల్ల బిడ్డ మీ చేతుల్ని చూస్తేనే భయపడతాడు.

బోర్లా

నిద్ర ఎప్పుడూ వెల్లకిలే. మెలకువగా, మనం పక్కనే ఉన్నప్పుడు బోర్లా. మెడ, వీపు, భుజాలు గట్టిపడేది ఇక్కడే.

మొదటి రోజు మా వాడు అర నిమిషం కూడా ఉండలేదు. మేడమ్ ఒక పాత వాయిల్ చీరను నా ముంజేయి లావున చుట్టలా చుట్టించి, వాడి చంకల కింద ఛాతీకి అడ్డంగా పెట్టించారు. చేతులు రెండూ చుట్టకు ముందుకు రావాలి. కుడి చెయ్యి కింద ఇరుక్కుపోయేది, దాన్ని మోచేతి దగ్గర పట్టుకుని ముందుకు తెచ్చి వదిలేవాళ్ళం. ఎదురుగా నేనూ నేల మీద బోర్లా పడుకునేదాన్ని, వాడి కళ్ళూ నా కళ్ళూ ఒకే ఎత్తులో ఉండేలా. నా ముఖం కంటే మంచి బొమ్మ వాడికి లేదు. తర్వాత గోడకు ఆనించిన మెరిసే స్టీలు పళ్ళెం పనికొచ్చింది. ఒక్కో నిమిషం, రోజుకు ఏడెనిమిది సార్లు, డైపర్ మార్చిన ప్రతిసారీ. మూడు వారాలకు ఒక్కోసారి ఐదు నిమిషాలు ఉండగలిగాడు. నేల మీద అసలు ఉండని బిడ్డను, మనం వెనక్కి వాలి కూర్చుని ఛాతీ మీద బోర్లా వేసుకోవచ్చు. తల ఎత్తి అమ్మను చూడటం కూడా సాధనే.

ఒళ్ళు విల్లులా బిగుసుకునే బిడ్డల సంగతి కొంచెం వేరు. పుట్టగానే ఏడవలేదని చెప్పానే, ఆ పాప అలాగే ఉండేది. భుజం మీద నిలువుగా ఎత్తుకుంటే వెనక్కి విరుచుకుపడేది. మేడమ్ వాళ్ళమ్మకు పాపను ఒడిలో ముడుచుకున్నట్టు కూర్చోబెట్టుకుని, తుంటి, మోకాళ్ళు మడిచి, చేతులు రెండూ ముందుకు వచ్చేలా ఎత్తుకోవడం నేర్పారు. తువ్వాలు చుట్ట వీపు వెనక పెట్టి పక్కకు పడుకోబెడితే పాప తన రెండు చేతులూ తానే చూసుకునేది. అలా పడుకోబెట్టడం మెలకువగా ఉన్నప్పుడు, పక్కన మనిషి ఉన్నప్పుడే. ఎత్తుకునే తీరు ఒక్కటి మారినందుకే ఆ పాప ఏడుపు సగం తగ్గింది. ఇలాంటి బిడ్డకు ఏది నప్పుతుందో థెరపిస్టు చేతుల్లో పెట్టి చూపించాకే ఇంట్లో చెయ్యండి.

చెయ్యి

మా ఇంట్లో ఎక్కువ కష్టపడింది దీనికే.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. పిడికిలి విప్పాలని వేళ్ళ చివరలు పట్టుకుని లాగేదాన్ని. లాగినకొద్దీ ఇంకా బిగించేవాడు. ఓటీ మేడమ్ చూపించిన పద్ధతి వేరు. మణికట్టును మెల్లగా లోపలి వైపుకు వంచితే వేళ్ళు వాటంతట అవే సడలుతాయి. అప్పుడు చేతి వెనక వైపు, చిటికెన వేలి అంచు వెంట మణికట్టు నుంచి వేళ్ళ దాకా నెమ్మదిగా నిమరాలి. బొటనవేలిని కొసన పట్టుకుని లాగకూడదు, మొదట్లో అరచేతిలో కలిసే కండ దగ్గర పట్టుకుని బయటికి తేవాలి. అరచేతి మధ్యలో వేలు పెడితే బిడ్డ పట్టు బిగిస్తాడు కాబట్టి అది చెయ్యకూడదు. మా అత్తయ్య ఇది నాకంటే ముందు పట్టుకున్నారు. నాలుగో రోజుకల్లా స్నానం వేళ ఏడుపు లేకుండా చెయ్యి కడిగేవారు.

విప్పడం మన పని, వాడటం వాడి పని. ఒక వైపు చెయ్యి వెనకబడిన బిడ్డలకు స్వీడన్‌లో ఆన్ క్రిస్టిన్ ఎలియాసన్ బృందం పరీక్షించిన ఒక పద్ధతి ఉంది. బాగున్న చేతికి మెత్తటి తొడుగు వేసి, రోజుకు అరగంట వెనకబడిన చేతితో ఆడించాలి. వారానికి ఆరు రోజులు, ఆరు వారాలు. తర్వాత ఆరు వారాలు ఆపి, మళ్ళీ ఆరు వారాలు. లెక్కేస్తే 72 రోజులు, 36 గంటలు. మేడమ్ బాబును పరీక్షించి, మాకు ఇదే పెట్టారు. ఐదో నెలలో మొదలుపెట్టాం.

తొడుగంటే మా ఆయన పలచటి నూలు సాక్సు. చీలమండ భాగం కత్తిరించి, అంచు మడిచి కుట్టాను. రబ్బరు గుర్తు పడకూడదు, వేళ్ళు రంగు మారకూడదు. ఆ అరగంట తప్ప మిగతా రోజంతా రెండు చేతులూ స్వేచ్ఛగా ఉండాలి. "అరగంటకే ఇంత మేలైతే మూడు గంటలు కట్టేస్తే?" అని అడిగాను. ఆ వయసులో బాగున్న చెయ్యి కూడా ఇంకా నేర్చుకుంటూనే ఉంటుందని, దాన్ని ఎక్కువసేపు కట్టేస్తే దాని ఎదుగుదల దెబ్బతింటుందని మేడమ్ గట్టిగా చెప్పారు. రెండు వైపులా ఇబ్బంది ఉన్న బిడ్డకు ఈ తొడుగు పద్ధతి పనికిరాదు. మీ థెరపిస్టు చూసి సరే అన్నాకే మొదలుపెట్టండి.

మొదటి నాలుగు రోజులు ఏడ్చాడు. మూడు నిమిషాలు, ఐదు నిమిషాలు అని ముక్కలు చేసి అరగంట పూర్తి చేసేవాళ్ళం. బొమ్మ ఎక్కడ పెడుతున్నాం అన్నది ముఖ్యమని అప్పుడే తెలిసింది. ముఖానికి ఎదురుగా పెడితే చెయ్యి లేచేది కాదు. కుడి పిడికిలికి నాలుగు వేళ్ళ దూరంలో, పక్కన, నేలకు దగ్గరగా పెడితే పిడికిలి పక్కకు జరిపి తాకేవాడు. తాకితే చప్పుడు రావాలి. గుప్పెడు కందిపప్పు పోసి, మూతకు టేపు గట్టిగా చుట్టిన చిన్న ప్లాస్టిక్ సీసా, దారానికి గుచ్చిన రెండు స్టీలు చెంచాలు, గరగరలాడే కవరు, ఇవే మా సామాను. ఆ దారం, కవరు, సీసా మన చేతిలోనే ఉండాలి, బిడ్డ దగ్గర వదిలి వెళ్ళకూడదు.

ఇంకొకటి, ఓపిక. బొమ్మ చూపించి వెంటనే చేతిలో పెట్టేయాలని మన ప్రాణం లాగుతుంది. మేడమ్ నన్ను మనసులో ఇరవై దాకా లెక్కపెట్టమన్నారు. పన్నెండు, పదమూడు దాకా ఏమీ జరిగేది కాదు. చూపు బొమ్మ మీద ఉండేది, భుజం కదిలేది, నోరు తెరుచుకునేది. పదిహేను దగ్గర పిడికిలి కదిలేది. అంతకుముందు నేను ఎనిమిదికే అందుకుని ఇచ్చేస్తూ, వాడి ప్రయత్నాన్ని మధ్యలోనే తెంచేశానన్నమాట.

సన్నగా ఉన్నవి ముందు పట్టుకోగలిగాడు. పిల్లల ప్లాస్టిక్ గాజు బాగా పనికొచ్చింది, వేలు దూరినా చాలు వస్తుంది. ఆరో నెల నిండి అన్నం ముట్టించాక అరటిపండు గుజ్జు కొంచెం కుడి చూపుడు వేలికి రాసేదాన్ని. ఆ చెయ్యి మొదటిసారి నోటి దాకా వచ్చింది ఆ గుజ్జు కోసమే. తేనె మాత్రం ఏడాది లోపు బిడ్డకు వద్దు. మరమరాలు, వేరుశనగ గింజల్లాంటివి గొంతులో అడ్డం పడతాయి, ఆటకు కూడా పెట్టకండి.

72 రోజుల్లో మేం చేయగలిగింది 61. రెండుసార్లు జ్వరం, ఒకసారి మా ఆడపడుచు పెళ్ళి. గోడ క్యాలెండర్‌లో చేసిన రోజు తేదీ కింద గీత పెట్టేవాళ్ళం. కొత్తగా ఏదైనా చేస్తే పక్కన రెండు ముక్కలు రాసేవాళ్ళం: "గాజు లాగాడు", "కవరు వదిలాడు". వదలడం కూడా విద్యే. మా వాడికి పట్టుకోవడం కంటే పట్టు వదలడం ఆలస్యంగా వచ్చింది.

తొడుగు రోజులు అయ్యాక రెండు చేతులూ కావలసిన ఆటలకు మారాం. పెద్ద బంతి, రెండు చెవుల గిన్నె, చప్పట్లు, పాత పేపరు చించడం. ఒక చేత్తో అయిపోయే బొమ్మ ఇస్తే బిడ్డ ఒక చేత్తోనే కానిచ్చేస్తాడు, తప్పు వాడిది కాదు.

కూర్చోవడం, నిలబడటం

నా రెండు కాళ్ళ మధ్య, వీపు నా పొట్టకు తగిలేలా కూర్చోబెట్టుకునేదాన్ని. చేత్తో పట్టుకునేది తుంటి దగ్గర. చంకల కింద పట్టుకుంటే నడుము పని చెయ్యదు. రెండు వారాలకోసారి నేను ఒక అంగుళం వెనక్కి జరిగాను. బొమ్మ పక్కకు పెడితే దాని కోసం ఒరిగి, కుడి చెయ్యి నేలకు ఆనించి ఆపుకోవడం నేర్చుకున్నాడు. పడతాడు, బొంత మీద పడనివ్వండి. దిండ్లు చుట్టూ పేర్చి గంటలు గంటలు కూర్చోబెడితే కూర్చోవడం రాదు.

నిలబడటానికి వంటింటి పీట వాడాం. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనేలా పీట మీద కూర్చోబెట్టి, మంచం మీద బొమ్మ పెడితే లేచేవాడు. కుడి మడమ పైకి లేచేది. ఏఎఫ్‌ఓ అనే పాదపు పట్టీ ఏడాది దాటాక రాశారు, కొలత తీసి చేసేది కాబట్టి ఎదిగిన కొద్దీ మార్చాలి. చక్రాల వాకరు కొనకండి. అది నడక నేర్పదు, బిడ్డను వేళ్ళ మీద నిలబెడుతుంది, మెట్ల దగ్గర ప్రమాదం. కెనడాలో 2004 నుంచి దాని అమ్మకమే నిషేధం. మా అన్నయ్య ప్రేమగా తెచ్చిన వాకరును నేను తిరిగి ఇప్పించాను, ఆయన కొన్నాళ్ళు నొచ్చుకున్నారు. రెండేళ్ళ లోపు ఒకసారి తుంటి ఎక్స్‌రే గురించి డాక్టర్‌ను అడగండి, ముఖ్యంగా కాళ్ళు బిగుసుకుపోయే బిడ్డకు. తుంటి కీలు నొప్పి లేకుండానే జారుతుంది.

మర్దన గురించి, మందుల గురించి

నూనె రాయడం తప్పు కాదు. మా అత్తయ్య రోజూ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నువ్వుల నూనె రాసేవారు, ఒళ్ళు సడలిన ఆ పావుగంట తర్వాతే మేం సాధన పెట్టుకునేవాళ్ళం. కానీ మర్దనతో బిడ్డ కదలడం నేర్చుకోడు. కీళ్ళు చిటుక్కుమనేలా లాగడం, కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం, ముక్కులో చెవుల్లో నూనె పొయ్యడం మాత్రం ఎవరు చెప్పినా వద్దు.

మూలకణాల (స్టెమ్ సెల్) ఇంజెక్షన్లతో మెదడు బాగవుతుందని లక్షలు అడిగేవాళ్ళు ఫోన్ నంబరు కనుక్కుని మరీ మాట్లాడతారు. మాతోనూ మాట్లాడారు. దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం, ఆమోదం పొందిన రక్త సంబంధ చికిత్సల్లాంటివి తప్ప మూలకణాల వాడకం ఇంకా పరిశోధనే, దానికి తల్లిదండ్రుల దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆ డబ్బు రెండేళ్ళ బస్సు ఛార్జీలకు, పాదపు పట్టీలకు దాచుకోండి.

సాధన ఆపి ఆ రోజే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సినవి కొన్ని ఉన్నాయి. నిద్ర లేచినప్పుడు బిడ్డ తల, చేతులు ఒక్కసారిగా ముందుకు వంగి సడలడం, అలా వరసగా చాలాసార్లు రావడం ఉలికిపాటు కాదు, ఒక రకం ఫిట్స్. మొదటి ఏడాదిలో వస్తాయి, ఆలస్యమైతే నేర్చుకున్నవి కూడా పోతాయి. ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. పాలు తాగేటప్పుడు ప్రతిసారీ దగ్గు, గురగుర ఉంటే తాగించే తీరు కూడా చూపించుకోవాలి. నిన్న చేసిన పని ఈ రోజు చెయ్యలేకపోవడం కూడా చిన్న విషయం కాదు.

తల్లి సంగతి

రెండో నెల సాధనలో నాకు నిద్ర పట్టేది కాదు. గర్భంతో ఉన్నప్పుడు ఏం తప్పు చేశానా అని తలచుకుంటూ పడుకునేదాన్ని. ఏమీ చెయ్యలేదని డాక్టర్ చెప్పాక కూడా ఆ ఆలోచన వదలడానికి చాలా రోజులు పట్టింది. మీకూ అలా ఉంటే అదే ఓపీలో చెప్పండి, తల్లికి కూడా మందు, మాట సాయం ఉంటాయి. ఇంట్లో పని పంచండి. సాయంత్రం అరగంట మా ఆయనది. పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని చాప మీద కూర్చునేవారు. ఎడమచేతి మనిషి కాబట్టి ఎదురుగా కూర్చుంటే వాడి కుడి వైపుకు ఆయన చెయ్యే సులువుగా అందేది. నేను చూపలేని ఓపిక ఆయన చూపారు.

కాగితాల పని కూడా పక్కన పెట్టకండి. సెరిబ్రల్ పాల్సీ 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది. డాక్టర్ నిర్ధారించాక వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు తీసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది.

మా బాబుకు ఇప్పుడు మూడేళ్ళు నిండాయి. పద్దెనిమిదో నెలలో నడిచాడు, పరుగెత్తితే కుడి కాలు కొంచెం ఈడుస్తాడు. కుడి చెయ్యి ఎడమ చెయ్యిలా కాలేదు. మేడమ్ ఆ సంగతి మొదట్లోనే చెప్పారు, దాన్ని సాయం చేసే చెయ్యిగా చేద్దాం అన్నారు. అన్నం ఎడమ చేత్తోనే తింటాడు. మొన్న ఒక గృహప్రవేశంలో పక్క ఆకు దగ్గర కూర్చున్న పెద్దాయన "ఎడం చేత్తోనా, నాన్నా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే మా అత్తయ్య "వాడి అన్నం చెయ్యి అదేనండీ" అని, పప్పు వడ్డించమని పిలిచారు. వాడు అదేమీ పట్టించుకోలేదు. అరిటాకు గాలికి లేస్తుంటే కుడి అరచెయ్యి విప్పి దాని అంచు మీద ఆనించి పట్టుకున్నాడు, ఎవరూ చెప్పకుండానే, భోజనం అయ్యేదాకా.